‘మైదానం’ మన అమ్మాయి చదవవచ్చునా?



మొన్న రాజమండ్రిలో మా పక్కింటి వదినగారు గాభరాగా వచ్చారు. “కాలేజీలో చదివే మా అమ్మాయి తలగడ కింద చలం ‘మైదానం’ దొరికిందమ్మా! లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను” అన్నారు. “మీరు చదివారా?” అన్నాను. “రామ రామ! నేనెందుకు చదువుతాను?” అన్నారు.

చూశారా, చిక్కంతా ఇక్కడే ఉంది. కాకినాడలో చదువుకున్న చలంగారు 1927లో వెలువరించిన చిన్న నవల అది. దాన్ని చదవకుండానే తిట్టినవాళ్ళు బోలెడుమంది. ప్లీడరు భార్య రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఈ ఒక్క ముక్కే అందరి నోటా పడింది. మరి తరువాతి కథో? ఆమె గర్భవతి అయితే అమీర్ ఆ బిడ్డ వద్దంటాడు. స్వేచ్ఛ కోసం గడప దాటిన మనిషికి తన కడుపు మీదే తన మాట చెల్లలేదు! చలంగారిని నిలదీయాలంటే ఇక్కడ నిలదీయండి, ఇదేనా స్వేచ్ఛ అని. చదవనిదే ఆ ప్రశ్న ఎలా పుడుతుంది?

ఆడవాళ్ళు ఏది చదవాలో పెద్దలు తేల్చడం మన గోదావరి తీరానికి కొత్త కాదు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం పంతులుగారంతటివారు కూడా, ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ స్త్రీలు వినదగింది కాదన్నారు. అది రాసిన తంజావూరు కవయిత్రీ స్త్రీయే; 1910లో అచ్చు వేయించిన బెంగళూరు నాగరత్నమ్మగారూ స్త్రీయే! ఆ మరుసటేడే సర్కారు దాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పంతులుగారి మేలు మరువలేం. అయినా ఈ ఒక్క విషయంలో ఆయనతో వాదించవచ్చు.

అలాగని చిన్నపిల్లల చేతిలో ఏ పుస్తకమైనా పెట్టమనను. వయసు చూడాలి. కథలో మనిషి చేసిందల్లా మనల్ని చేయమన్నట్టు కాదని పిల్లలకు చెప్పాలి. చెప్పాలంటే ముందు మనం చదవాలి కదా!

వదినగారు తాళం తీశారు. మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకున్నాక ముందు తనే చదివారు. నాలుగోనాడు గోడ అవతల నుంచి తల్లీకూతుళ్ళ వాదన వినపడింది. కూతురు రాజేశ్వరి ధైర్యం గురించి చెబుతోంది. “అది సరేనే, మరి ఆ బిడ్డ మాటేమిటి?” అంటున్నారు వదినగారు. కూతురు కాసేపు ఊరుకుంది. తరువాత, “అవునమ్మా, నేను అంత ఆలోచించలేదు” అంది.

తాళం వేసిన బీరువా ఈ మాట అనిపించగలదా? మీరే ఆలోచించండి.