బ్యాండుమాస్టరు ముత్తాత జాడ
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వేలో ఆంగ్లో ఇండియన్ మిత్రులతో కలిసి పనిచేసినవారు మనలో చాలామంది ఉన్నారు. "మా ముత్తాత తిరుమలగిరి కంటోన్మెంటులో బ్యాండుమాస్టరు" అని వారిలో కొందరు చెప్పుకునేవారు. ఇప్పుడు వారి మనవలు ఆస్ట్రేలియా నుంచి ఫోన్లు చేసి, ఆ ముత్తాత వివరాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతున్నారు. పటాలం మస్టరులో పేరు కనబడక, ఇంట్లో చెప్పింది కట్టుకథేనని కొందరు వదిలేశారు కూడా. తొందరపడ్డారని నా అభిప్రాయం.

19వ శతాబ్దం తొలి సగంలో బ్రిటిషు పటాలాల బ్యాండుమాస్టర్లు చాలామంది అసలు సైనికులే కారు. జర్మనీ, ఇటలీల నుంచి వచ్చిన సివిలియన్లు. ఆఫీసర్లు చందాలు వేసుకుని వారికి జీతమిచ్చేవారు. సర్కారు జీతం తీసుకోని మనిషి సర్కారు మస్టరులో ఎందుకుంటాడు? 1857లో లండన్ శివారు నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల పెట్టాక, సైనికులనే బ్యాండుమాస్టర్లుగా తయారుచేయడం మొదలైంది. అక్కడి నుంచి వెతుకులాట కొంత సులువు.

కంపెనీ సైన్యం కథ వేరు. ఐరోపా తండ్రికి, భారతీయ తల్లికి పుట్టినవారు సైన్యంలో పనికిరారని 1795లో ఉత్తర్వు వేశారు. బ్యాండు వాయించడానికి, డ్రమ్ము కొట్టడానికి, గుర్రాలకు లాడాలు వేయడానికి మాత్రం పనికివస్తారట! మన మిత్రుల ఇళ్లలో సంగీతం ఉందంటే దాని వెనక ఈ ఉత్తర్వు కూడా ఉంది.

అందుచేత మొదట చర్చి రిజిస్టర్లు చూడమనండి. మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్లు ఆనాడే లండన్ పంపేవారు. అవిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బిడ్డ బాప్తిస్మం పద్దులో తండ్రి ఉద్యోగం, పటాలం సాధారణంగా కనిపిస్తాయి.

ఆ తర్వాత, బ్రిటిషు పటాలంలో చేరిన సైనికుడైతే, లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని డిశ్చార్జి కాగితాలు చూడాలి. పుట్టిన ఊరు, వయసు, సర్వీసు, నడవడిక అన్నీ అందులో ఉంటాయి. కాని 1883కు ముందువి చాలావరకు పెన్షన్ పొందినవారివే. సర్వీసులో ఉండగా పోయినవారి కాగితాలు అందులో దొరకవు. పెన్షన్ కాగితం విలువ ఈ సభకు నేను చెప్పాలా!

ఒక్క మాట. పాత పద్దుల్లో తల్లి దగ్గర ఒక్కోసారి పేరుండదు, "ఈ దేశపు స్త్రీ" అన్నట్టుగా రాసి వదిలేశారు. ఆమె తెలుగావిడో, తమిళావిడో ఆ రిజిస్టరు చెప్పదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆవిడ సంగతి ముందు అడిగి రాసుకోమని ఫోను చేసిన ప్రతి పిల్లకూ, పిల్లాడికీ చెబుతున్నాను.