గుర్రపు ప్రశ్నలు

పత్రికలోని ప్రశ్నల పుటలో అశ్వములను గూర్చిన ప్రశ్నలు కనబడినపుడు ఏకాకిగా కూర్చుండి తల పట్టుకొనువాడు వృథాగా శ్రమపడుచున్నాడనియే చెప్పవలెను. ఏలయన అశ్వవిద్య యెన్నడును ఒక్కరి సొత్తు కాలేదు. ఉచ్చైశ్శ్రవము తోక తెలుపా, నలుపా యని కద్రువ వినతతో పందెమాడిన కథ ఇంటిలో అమ్మమ్మకు కంఠస్థము. అలెగ్జాండరు గుర్రము పేరడిగినచో బడికి పోవు కుఱ్ఱవాడు బుసెఫాలస్ అని తడుముకొనకుండ చెప్పును.

గుర్రము వయసు తెలియుట యెట్లన్న ప్రశ్నకు మాత్రము జట్కావానిని మించిన పండితుడు లేడు. అతడు దాని పెదవిని బొటనవ్రేలితో తొలగించి ముందరి పండ్లను చూచును. రెండున్నర యేండ్లకు నడిమి జంటయు, మూడున్నరకు దాని ప్రక్క జంటయు, నాలుగున్నరకు కడపటి జంటయు పాలపండ్ల స్థానమున క్రొత్తవి మొలచుటచే, ఐదవ యేటికి వరుస నిండును. అటుపిమ్మట పండ్ల అరుగుదలయే ఆధారము. బేరగాండ్ర మాయలకు చోటును అచ్చటనే.

ఒరుల నడుగుట చిన్నతనమని యెంచువారు నలోపాఖ్యానము చదువవలెను. అశ్వవిద్య నెఱిగిన నలుడు ఋతుపర్ణుని రథమును విదర్భకు తోలుచు, తన విద్య నిచ్చుట కొప్పుకొని యతని అక్షవిద్యను, అనగా పాచికల విద్యను, గ్రహించెను; పోయిన రాజ్యమును దానితోనే మరల గెలిచెను.

చదరంగపు గుర్రమును, ఏ గడిని రెండవమారు త్రొక్కనీయక, 64 గడులలోను త్రిప్పవచ్చును. ఈ రాత్రి ఇంటివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రయత్నించి చూడుడు.