ఆపత్కాలమున పొరుగువారి యెడ మన విధి
(వార్షిక మహాసభయందు చదువబడిన ప్రసంగపాఠము)

  

ఆపత్సహాయనిధి నొకదానిని స్థాపింపవలయునను తీర్మానము నేడు సభయెదుట నున్నది. నిధి వలయుననుటలో మనలో భేదాభిప్రాయము లేదు. అది యెవరికి చెందవలయునన్నదే ప్రశ్నము. సంఘసభ్యుల కుటుంబములకే దానిని పరిమితము చేయుదమని కొందఱు పెద్దలు తలంచుచున్నారు. వారియెడ మాకు మిక్కిలి గౌరవము కలదు. అయినను, మన వాకిట నిలువలేని పొరుగువానికి, వాడే కులమువాడైనను, ఈ నిధియందు భాగముండవలయునని మేము మనవి చేయుచున్నాము.

మన దేశపు కఱవుల చరిత్రము చూడుడు. 1832-33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు మండలమున సుమారు ఐదులక్షల జనములో లక్షన్నర మొదలు రెండులక్షల వఱకు నశించిరని చరిత్రకారుల యంచనా. 1876-78 నాటి కఱవు బళ్ళారి, కర్నూలు, కడప మండలములను పీడించినది. అప్పుడు దొరతనమువారు చెఱువుపనులు, బాటపనులు పెట్టి కూలియిచ్చిరి. 1877లో సర్ రిచర్డు టెంపులు ఆ కూలిని దినమునకొక పౌను ధాన్యమునకును, కొద్దిపాటి రొక్కమునకును తగ్గింపజేసెను. ఆ తిండితో పనిచేయు మనిషి నిలువజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. తుదకు కూలి పెంపవలసివచ్చెను.

ఈ కథలో మనము గ్రహింపవలసిన దొకటి కలదు. తట్ట మోయగలవాడు పనికి పోయెను. నడువగలవాడు గంజికేంద్రము చేరెను. మంచముపట్టిన ముదుసలి, బాలింత, దిక్కులేని బిడ్డ యెక్కడికి పోగలరు? 1880 నాటి క్షామసంఘమువారు ఈ లోపమును గుర్తించిరి. పనిచేయలేనివారికి వారి గ్రామమునందే సాయమందవలయునని పిమ్మట వచ్చిన క్షామనిబంధనలలో చేర్చబడినది. అయితే ఆ జాబితా వ్రాయువారు గ్రామోద్యోగులు. వ్రాయువాని చూపు ఊరిచివరి గుడిసె వఱకు పోనిచో నిబంధన యెంత మంచిదైనను ఆ గుడిసెలో పొయ్యి వెలుగదు.

ఇట్టి చూపు గలవారు మనలో లేకపోలేదు. 1866 నాటి కఱవున ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు తమ ధాన్యమును వెచ్చించి వేలకొలది జనులకు అన్నము పెట్టిరి. గోదావరి లంకలలో, లంకలగన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళగాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించిరి. వీరు ఆకలిగొన్నవాని యింటిపేరు విచారించి విస్తరి వేయలేదు. అందుచేతనే వారిని నేటికిని ఏ యొక్క కులమువారో కాదు, ఆంధ్రులందఱును తలంచుకొనుచున్నారు.

ఇవి పాతకాలపు మాటలని తలంపవలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సముద్రము విఱుచుకొనిపడినప్పుడు ముందుగా కొట్టుకొనిపోయినవి తీరమునందలి పూరిగుడిసెలు. 2020 మార్చి 25 నుండి దేశమంతటను తలుపులు మూయబడినప్పుడు మేడలోనివారికి కొఱత తోచలేదు. కూలి లేనివాడు బిడ్డలను చంకనెత్తుకొని వందలమైళ్ళు నడిచెను. ఆపద యందఱకును వచ్చును గాని యందఱను సమముగా తాకదు.

కావున మేము మూడు సూచనలు సభవారి ముందుంచుచున్నాము. మొదటిది: ప్రతి శాఖయు ఆపద రాకమునుపే తన వీధిలోను, పేటలోను ఒంటరిగా నున్న వృద్ధులు, వికలాంగులు, గర్భిణులు, బియ్యపుకార్డు లేని వలసకూలీల జాబితా సిద్ధపఱచి యేటేట సరిచూడవలయును. అందు కులముగడి యుండరాదు. రెండవది: నడువలేనివారికి సాయమును వారి యింటికే చేర్పవలయును. మూడవది: దాతల నామములను సంచికయందు సంతోషముగా అచ్చువేయుదము, గ్రహించినవారి పేరుగాని, ఛాయాపటముగాని యెన్నడును వేయరాదు. కడుపు నిండినను తల వంగినచో మన సాయము సగమే.

ఇట్లు చేసినచో మన బిడ్డలకు తఱుగునేమోయని శంకింపవచ్చును. నిధిలో సగము సభ్యులకు, సగము పొరుగువారికి కేటాయించినచో ఆ భయము తీఱును. మన పంట కోసినది, మన గోడ కట్టినది, మన రోగులకు నడుముకట్టి సేవచేసినది మన కులమువారు మాత్రమే కాదుగదా! వారి ఋణము తీర్చుకొను తావు ఈ నిధియే.

తీర్మానమున “సభ్యులకు” అనుచోట “సభ్యులకును, నిస్సహాయులగు పొరుగువారికిని” అని సవరింప మహాసభవారిని ప్రార్థించి విరమించుచున్నాము.