ఓటుకు ధర కట్టిందెవరు?

(రియాద్‌లో ఒక మిత్రుడి ఇంట్లో శుక్రవారం సాయంత్రం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి దొరికే ఒక్క సెలవు సాయంత్రాన్ని ఈ చర్చకు ఇచ్చినందుకు ధన్యవాదాలు. నేను రాజకీయ నాయకుణ్ణి కాను. మీలో చాలామందిలాగే పొద్దున లేస్తే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగిని. ఈ దేశ రాజకీయాల జోలికి మనం వెళ్ళం. మన ఊరి సంగతి మాట్లాడుకుందాం.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. 2023 నవంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకు రెండు రోజుల ముందు అమ్మ ఫోన్ చేసింది. "పైసలు ఇచ్చిపోయిండ్రు బిడ్డా. మూడు ఓట్లకే ఇచ్చిండ్రు. నువ్వు రావని నీ పేరు మీద గీత గీసిండ్రు" అంది.

నేను ఊళ్ళో లేనన్న సంగతి ప్రభుత్వ ఓటర్ల జాబితాకు తెలియదు. అందులో నా పేరు అలాగే ఉంది. డబ్బు పంచేవాళ్ళ జాబితా మాత్రం తప్పుల్లేకుండా ఉంది!

నాకు కోపం వచ్చింది. "వెంటనే వాపస్ ఇచ్చెయ్ అమ్మా" అన్నాను. అమ్మ ఏమందో తెలుసా? "వాపస్ ఇస్తె మనం అవతలోళ్ళకు ఏస్తమని వాళ్ళకు తెలుస్తది. రేపు నాయిన పింఛన్ కాయిదం ఎవరు పట్టుకపోవాలె? నువ్వొస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మనం ఇక్కడ టీ తాగుతూ "జనమే అమ్ముడుపోతున్నారు, ఇక దేశం ఎలా బాగుపడుతుంది?" అంటుంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. కానీ మా అమ్మ ఆశపడి తీసుకోలేదు, భయపడి తీసుకుంది. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు తమకు కవర్లు అందలేదని కొందరు ఓటర్లు నిరసనకు దిగారని వార్తలు చదివి నవ్వుకున్నాం. నవ్వే ముందు ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి కదా?

ఒక చిన్న లెక్క వేద్దాం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి మన రాష్ట్రాల్లో 40 లక్షలు. ఒక నియోజకవర్గంలో 2 లక్షల ఓటర్లు ఉన్నారనుకోండి. సగం మందికి తలా 2,000 ఇస్తే 20 కోట్లు. అంటే పరిమితికి 50 రెట్లు! తెలంగాణ ఎమ్మెల్యే జీతభత్యాలు 2016లో నెలకు రెండున్నర లక్షలు చేశారు. ఆ లెక్కన ఐదేళ్ళకు కోటిన్నర. 20 కోట్లు పెట్టి కోటిన్నర కోసం ఎవరు వస్తారు? మిగతాది కాంట్రాక్టుల్లో, భూముల్లో రాబట్టుకోవలసిందే. కవరు మా అమ్మ చేతిలో కనిపిస్తుంది. గొలుసు రెండో కొస మనకు కనబడదు.

ఆ కొసను దాచడానికి చట్టమే చేశారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని చెప్పింది. ఆ మార్చిలో వివరాలు బయటపడ్డాయి. కాళేశ్వరం, పోలవరం పనులు చేసిన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో నిలిచింది. ఒక ప్రాంతీయ పార్టీ అయిన బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా వచ్చాయి. బాండ్లు కొనడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. కానీ ఓటు వేసేటప్పుడు ఈ సంగతి మనకు తెలియకుండా ఉంచారు. నా అభ్యంతరం అదే.

మరి ఏం చేయాలి? నాకు తోచినవి నాలుగు.

ఒకటి, అభ్యర్థికి పరిమితి ఉంది గానీ పార్టీ ఖర్చుకు లేదు. ముందు గోదారి పెట్టి కిటికీకి తాళం వేసినట్టుంది. పార్టీకీ పరిమితి పెట్టాలి.

రెండు, 20,000 రూపాయల లోపు విరాళం ఇచ్చినవారి పేర్లు పార్టీలు వెల్లడించనక్కరలేదు. టీ కొట్టులో పది రూపాయలకు కూడా ఫోన్‌తో చెల్లిస్తున్న రోజుల్లో ప్రతి విరాళాన్నీ వారంలోపు ప్రజల ముందు పెట్టడం సాంకేతికంగా కష్టమా? మన వృత్తివాళ్ళం చెప్పాలి, కానే కాదని!

మూడు, ప్రజాధనంతో ఎన్నికల ఖర్చు. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ దీన్ని కొంతమేరకు సిఫార్సు చేసింది. అమెరికాలో సియాటిల్ నగర ఓటర్లు 2015లో ఇంకో దారి ఎంచుకున్నారు. నగర ఎన్నికల్లో పౌరుడికి 25 డాలర్ల కూపన్లు నాలుగు ఇస్తారు. తనకు నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. డబ్బున్న నలుగురి దగ్గర చేయి చాచే బదులు అభ్యర్థి నాలుగు వేల ఇళ్ళ తలుపు తట్టాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పింఛన్, రేషన్ కార్డు ఎవరి దయా లేకుండా, గడువులోపు, హక్కుగా అందాలి. మా అమ్మకు ఆ భయం పోయిన రోజున కవరుకు విలువ సగం తగ్గుతుంది.

ఇక మన సంగతి. ఎన్నేళ్ళున్నా ఇక్కడ మనం భారత పౌరులమే. 2010 చట్ట సవరణతో ప్రవాస ఓటరుగా ఫారం 6ఏ నింపి నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి స్వయంగా ఊరికి వెళ్ళాలి. నేను దరఖాస్తు చేశాను, మీరూ చేయండి. అలాగే నిజాయితీగా పోటీ చేసేవారు కనిపిస్తే ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వారు కొంత పంపండి. ఇక్కడ మాత్రం చందాలు వసూలు చేయొద్దు. అనుమతి లేకుండా చేస్తే ఈ దేశంలో నేరం.

దీనివల్ల రేపే అన్నీ మారిపోతాయని నేననను. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు "డబ్బు తీసుకోవద్దు" అని ఉపదేశం చేయకండి. "ఆఫీసులో ఏ పని ఆగింది, ఎవరి వల్ల ఆగింది?" అని అడగండి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టడం, సమాచార హక్కు కింద అర్జీ రాయడం ఇక్కడి నుంచి కూడా మనకు చేతనవును. నాన్న పింఛన్ కాగితం సంగతి ఇప్పుడు నేనే చూస్తున్నాను.

వచ్చే ఎన్నికల్లో అమ్మ ఏం చేస్తుందో తెలియదు. కానీ "నువ్వొస్తవా?" అంటే ఈసారి ఏదో ఒకటి చెప్పగలను.

మీ అభిప్రాయాలు, విమర్శలు చెప్పండి. సెలవు.