కుందేళ్ల యూనిట్: జాతి ఎంపిక, పెంపకం
(లబ్ధిదారుల శిక్షణలో పశువైద్యుడి ప్రసంగ పాఠం)



యూనిట్ మంజూరైంది కదా అని ముందు కుందేళ్లు కొనకండి. ముందు మీ దగ్గర కొనేవాళ్లను వెతుక్కోండి. "పిల్లలన్నీ మేమే తిరిగి కొంటాం" అని చెప్పి, జతను ఎక్కువ ధరకు అంటగట్టి, తర్వాత ఫోను ఎత్తనివాళ్లను చూశాను. తీసుకున్నవాళ్లకు షెడ్డు మిగిలింది, అప్పు మిగిలింది.

మనకు సొంత పెంపుడు కుందేలు జాతి లేదు. పొలాల్లో కనిపించే చెవులపిల్లి వేరే జంతువు. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మాంసానికైతే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా లాంటి పెద్ద జాతులు ఉన్నాయి. ఇళ్లలో ముద్దుగా పెంచుకునేవాళ్లకు అమ్మాలంటే డచ్ అనే పాత చిన్న జాతి బాగుంటుంది. భుజాల చుట్టూ తెల్లటి పట్టీ, ముఖం మీద తెల్లటి చార ఉంటాయి. బాగా పెరిగినా రెండు, రెండున్నర కిలోలే. మేత తక్కువ, బోను చిన్నది. కానీ మాంసం వ్యాపారి దీన్ని చూస్తే పెదవి విరుస్తాడు. పట్నంలో రెండు మూడు పెంపుడు జంతువుల షాపులకు వెళ్లి, నెలకు ఎన్ని పిల్లలు తీసుకుంటారో అడిగి రండి.

కొనేటప్పుడు పట్టీ అందం చూసి మోసపోకండి. ముందరి పాదాలు ఎత్తి లోపలివైపు చూడండి. వెంట్రుకలు అంటుకుని గట్టిపడి ఉంటే, కారే ముక్కును పాదాలతో తుడుచుకుంటోందన్నమాట. దాన్ని వదిలేయండి. చెవి లోపల పక్కు కట్టి ఉంటే గజ్జి. పై పళ్లు, కింది పళ్లు సరిగ్గా కలవాలి. మగది ఒకచోట, ఆడవి ఇంకోచోట కొంటే ఒకే ఈత పిల్లలు జతకట్టే బాధ ఉండదు.

జతకట్టించడానికి ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. ముప్పై, ముప్పై ఒక్క రోజులకు ఈనుతుంది. నాలుగు రోజుల ముందే పెట్టెలో ఎండుగడ్డి వేసి పెట్టండి. తన బొచ్చు తానే పీకి పరుచుకుంటుంది, కంగారు పడొద్దు. పాలు కూడా రోజుకు ఒకటి రెండుసార్లే ఇస్తుంది. పిల్లల పొట్టలు నిండుగా ఉంటే చాలు.

మన ఊళ్లలో అసలు గండం ఎండాకాలం. కుందేలుకు చెమట పట్టదు, వేడిని చెవుల్లోంచే ఎక్కువగా వదులుతుంది. రేకుల కింద బోను పెడితే మధ్యాహ్నానికే చచ్చిపోవచ్చు. తాటాకు పందిరి వేసి, చుట్టూ తడి గోనెసంచులు కట్టండి. చల్లటి నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో జతకట్టించకండి. ఆ వేడికి మగదాని సత్తువ కూడా తగ్గిపోతుంది.

ఇంకోటి, జబ్బు చేస్తే మందుల షాపు మాత్రలు వేయకండి. మనం వాడే అమాక్సిసిలిన్ కుందేలు నోట్లో వేస్తే ప్రాణమే పోవచ్చు.

ఎవరైనా అడ్వాన్సు అడిగితే, సంతకం పెట్టకముందే ఆ కాగితం నా దగ్గరికి తీసుకురండి. పొద్దున పూట పశువుల ఆసుపత్రిలోనే ఉంటాను.