అనిమేలో చూసిన మెట్లు టోక్యోలో నిజంగా ఉన్నాయి! కానీ వెళ్లే ముందు ఇది వినండి

'యువర్ నేమ్' చూశారా? చూడకపోతే ఒక్క నిమిషం స్కిప్ చేసేయండి, క్లైమాక్స్ చెప్పేస్తున్నా.

చివర్లో టాకీ, మిత్సుహా ఎర్ర రెయిలింగ్ ఉన్న మెట్ల మీద ఎదురుపడతారు కదా? ఆ మెట్లు నిజంగానే ఉన్నాయి. టోక్యోలో యోత్సుయా ఏరియాలో, సుగా జింజా అనే షింతో గుడి పక్కన. యోత్సుయా-సాంచోమే స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లిపోవచ్చు. టికెట్ లేదు, గేటు లేదు.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో దాచుకున్న డబ్బుతో నేను జపాన్ వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం అక్కడికి వెళ్లాను. అటూ ఇటూ అన్నీ ఇళ్లే. ఒక పెద్దావిడ సంచి పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కుతోంది. పైన నలుగురు ఫోన్లు పట్టుకుని, ఆవిడ ఫ్రేమ్‌లోంచి ఎప్పుడు తప్పుకుంటుందా అని చూస్తున్నారు. మనం క్లైమాక్స్ అనుకునే చోటు ఆవిడకి రోజూ ఇంటికెళ్లే దారి. ఈ ఎపిసోడ్ అంతా దీని గురించే.

ఇలా అనిమేలో కనిపించిన చోట్లకి వెళ్లడాన్ని జపాన్‌లో 'సెయిచి జున్రెయ్' అంటారు. అంటే తీర్థయాత్ర అన్నమాట! 2016లో మొదలైన అనిమే టూరిజం అసోసియేషన్ ఏటా 88 చోట్లతో లిస్ట్ కూడా ఇస్తుంది. 88 ఎందుకు? షికోకు దీవిలో 88 గుళ్ల యాత్ర ఒకటి ఎప్పటినుంచో ఉంది, ఆ లెక్క.

స్లామ్ డంక్ ఫ్యాన్స్, మీ వంతు. 1993 టీవీ సిరీస్ ఓపెనింగ్‌లో రైలు గేటు, వెనకాల సముద్రం వస్తాయి కదా. అది ఎనోడెన్ రైల్వే లైన్‌లో కామకురా-కోకో-మాయే స్టేషన్ పక్కన ఉంది. 2022లో 'ది ఫస్ట్ స్లామ్ డంక్' వచ్చాక అక్కడ జనం ఇంకా పెరిగిపోయారు. ఫొటో కోసం నడిరోడ్డు మీద నిలబడతారు, కార్లు ఆగిపోతాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఎంతని భరిస్తారు చెప్పండి? చివరికి నగరపాలక సంస్థ గార్డుల్ని పెట్టాల్సి వచ్చింది.

అలాగని ఫ్యాన్స్ వెళ్తే ఊరు పాడైపోతుందని కాదు. సైతామాలో వాషినోమియా జింజా ఉంది. 2007లో 'లక్కీ స్టార్' అనిమే వచ్చాక అక్కడికి ఫ్యాన్స్ క్యూ కట్టారు. ఊళ్లో షాపులవాళ్లు వాళ్లతో కలిసి ఈవెంట్లు పెట్టారు. 2008 కొత్త సంవత్సరం దర్శనాలకి ఏకంగా 3 లక్షల మంది వచ్చారు. అదే ఏడాది ఊరి ఉత్సవంలో లక్కీ స్టార్ పల్లకి కూడా ఊరేగింది, మోసింది ఫ్యాన్సే! అక్కడ ఫొటో తీసుకుని వెళ్లిపోలేదు, ఊరి పండగలో ఓ భుజం వేశారు. తేడా అదే.

ఇంకోటి. 'గార్డెన్ ఆఫ్ వర్డ్స్'లో హీరోయిన్ పార్కులో కూర్చుని బీర్ తాగుతుంది. ఆ పార్కు షింజుకు గ్యోయెన్. అక్కడ మందు తాగడం నిషేధం, ఆ మాట సినిమావాళ్లే ఎండ్ టైటిల్స్‌లో వేశారు. కాబట్టి సీన్‌ని రీక్రియేట్ చేద్దామని క్యాన్ పట్టుకెళ్లకండి బాబూ!

మరి వెళ్లకుండా ఉండాలా? వెళ్లండి, వీలైతే త్వరగా వెళ్లండి. 'వెదరింగ్ విత్ యు'లో కనిపించే పాత బిల్డింగ్ యోయోగి కైకాన్, సినిమా రిలీజైన 2019లోనే కూల్చడం మొదలుపెట్టారు. మనకీ తెలుసు ఆ బాధ. గోదావరి ఒడ్డున కుమారదేవంలో 'సినిమా చెట్టు' 2024లో కూలిపోయినప్పుడు, ఎప్పుడూ అటు వెళ్లనివాళ్లకి కూడా మనసు చివుక్కుమంది కదా?

వెళ్తే మాత్రం నాలుగే నాలుగు పనులు. రోడ్డు దిగి ఓ పక్కన నిలబడండి. అక్కడివాళ్ల మొహాలు, ఇళ్లు వీడియోలో రానివ్వకండి. గొంతు తగ్గించండి. వెళ్లేముందు ఆ వీధిలో ఏదో ఒక కొట్టులో టీయో, బన్నో కొనండి. ఎవరైనా మెట్లెక్కుతుంటే ఫోన్ దించి దారివ్వండి, మన షాట్ రెండు నిమిషాలు ఆగుతుంది.

మీరు చూడాలనుకునే అనిమే లొకేషన్ ఏంటో కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!