హెచ్.ఐ.వి. సోకిన యింటి బిడ్డలు

గ్రామపెద్దలగు మహాశయులారా!

నేను వైద్యుడను గాను. ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. కావున హెచ్.ఐ.వి. ప్రవేశించిన యింటిలో పెరుగుచున్న బిడ్డల మనస్సును గూర్చియే నాలుగు మాటలు మనవి చేసికొందును. ఆ బిడ్డలలో పెక్కుమందికి వ్యాధి సోకియుండదు; సోకినది తల్లికో, తండ్రికో. అయినను దుఃఖము ఇంటిల్లిపాదికిని గలదు.

ఇది తాకినందున గాని, ఒక కంచమున భుజించినందున గాని, ఒక పలకపై వ్రాసినందున గాని అంటునది కాదు. మన దేశమున 2004 ఏప్రిల్ నెలనుండి ప్రభుత్వ వైద్యశాలలయందు దీనికి మందులు ఉచితముగా నిచ్చుచున్నారు. నాగా లేక సేవించువారు చిరకాలము జీవించి తమ పనులు తాము చేసికొనుచున్నారు. వైద్యమును గూర్చి యింత చాలును.

నేనెరిగిన యొక బాలుడు ఆరవ తరగతి చదువుచుండెను. తండ్రి గతించి యేడాది యైనది. తల్లి మందులకై జిల్లా వైద్యశాలకు పోవునాడు వాడు బడి మాని చెల్లెలిని చూచుకొనెడివాడు. తరగతిలో మందకొడి యని పేరు. నిజమునకు వానికి రాత్రులు నిద్ర లేదు. తల్లి దగ్గిన చాలు, లేచి కూర్చుండునట. ఇంటి సంగతి వానికి తెలియదని తల్లి తలంపు. వానికి అంతయు తెలియును. వ్యాధి పేరొక్కటే తెలియదు. జ్వరములోనున్న తండ్రి పిలిచినపుడు తాను వెంటనే పోక ఆడుకొనుచుంటిననియు, అందువలననే తండ్రి పోయెననియు వాడు నమ్మియుండెను! పదునొకండేండ్ల పసివాడు ఆ భారమును మోయుచుండగా, రచ్చబండమీద వాని తండ్రి నడవడిని గూర్చి చర్చ సాగుచుండెను.

బిడ్డల శోకము పెద్దల శోకమువలె నుండదు. కొందరు కొట్లాడుదురు. కొందరు పక్క తడుపుదురు, కడుపునొప్పి యందురు. మరికొందరు ఉన్నట్టుండి మిక్కిలి బుద్ధిమంతులగుదురు. ఈ కడపటివారిని లోకము మెచ్చుకొనును గాని, నాకు వారిని గూర్చియే దిగులెక్కువ.

వైద్యశాలలోని కౌన్సెలరు సాయముతో తల్లి వానికి సంగతి చెప్పెను. బడియీడు బిడ్డలకు తెలుపవలెననియు, అంతకంటె చిన్నవారికి వయస్సునకు దగినట్లు కొంచెము కొంచెముగా తెలుపవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారును 2011లో సూచించిరి. అంతయు విని వాడడిగిన ప్రశ్న యొక్కటే: "నువ్వు కూడా పోతావా అమ్మా?" ఏడాదిగా వాని గొంతులో నిలిచిపోయినది అదియే. "రోజూ మందు వేసుకుంటున్నాను గదరా, నీ పెండ్లి చూడకుండా ఎక్కడికి పోతాను" అని ఆమె యనెనట. పిమ్మట వానికి నిద్రపట్టసాగెను.

అయితే చెప్పుట యింటివారి వంతు, ఊరివారిది గాదు. 2017లో వెలసి 2018 సెప్టెంబరు 10వ తేదీన అమలులోనికి వచ్చిన చట్టము, ఒకరి వ్యాధిని వారి సమ్మతి లేక బయలుపరచుటను, ఆ కారణమున బిడ్డను బడిలో చేర్చుకొనకుండుటను నిషేధించినది.

ఇట్టి యింట మరణము సంభవించినపుడు పాడె మోయుట కెవరు వచ్చిరో, పెదకర్మనాడు విస్తరిముందు ఎవరు కూర్చుండిరో బిడ్డలు లెక్క పెట్టుకొందురు. ఊరిపెద్ద ఆ పంక్తిలో నొక ముద్ద తినినచో, నావంటివాని ఉపన్యాసములు పది దానికి సాటిరావు.

పొలము కాగితముల సంగతియు నట్టిదే. ఇల్లు పోవునేమో యని బెదరుచున్న బిడ్డకు ఊరడింపు చెవి కెక్కదు. పత్రములు భద్రపరచుకొనుటకును, దాయాదులు వెడలగొట్టినచో ఫిర్యాదు చేయుటకును బిడ్డయే బాలల సంక్షేమ సమితిని ఆశ్రయింపవచ్చునని ఆ చట్టమందే కలదు.

మరియొక యేర్పాటును గలదు. పండ్రెండేండ్లు నిండి, తెలివిడి గలిగి, అట్టి కుటుంబభారమును వహించుచున్న బిడ్డ, తమ్ములను చెల్లెండ్రను బడిలో చేర్చుట మొదలగు విషయములలో సంరక్షకుడుగా నుండవచ్చును. మంచి యేర్పాటే; చదివినపుడు నా గుండె బరువెక్కినది. ఆ పండ్రెండేండ్లవానిని కనిపెట్టువా రెవరు? మేనమామయో, పినతండ్రియో, వారు లేనిచో మీలో నొకరో వారమున కొకమారు ఆ యింటి అరుగుపై కూర్చుండి, చెల్లెలి చదువును, పొలము పనిని విచారించి, ఈ వారము వాడేమి ఆట ఆడినాడో కూడ అడుగుడు. మీవలన గాని కష్టమున్నచో 1098 అను టెలిఫోను సంఖ్య కలదు. దానికి రుసుము లేదు.